భుజం చిన్నదని పిల్లను మాన్పిస్తారా, తుపాకీ మార్చమని అడుగుతారా?



పోస్టు పొడుగైంది. చాయ్ పక్కన పెట్టుకుని నిదానంగా చదవండి. నాలుగు లైన్లు చూసి కింద "సూపర్ అన్నా" అని పెట్టేవాళ్లు ఈసారి పెట్టకండి. మొత్తం చదివి తిట్టినా నాకు సంతోషమే.

మొన్నటి ఆదివారం కార్యవర్గంలో ఒక తీర్మానం దాదాపు పాసైపోయింది. పోలీసు భరతీలో సెలెక్టయిన మన ఆడపిల్లలకు ఫైరింగు తప్పించి, ఆఫీసు పనో కంప్యూటరు పనో ఇప్పించమని జిల్లా అధికారులకు వినతిపత్రం ఇద్దామని. కారణం మీకందరికీ తెలుసు. శిక్షణలో ఉన్న మన పిల్ల ఒకతె సెలవు మీద ఇంటికి వచ్చింది. కుడి భుజం కమిలి నల్లబడి ఉంది. వాళ్లమ్మ ఏడ్చింది. ఎవరో ఆ భుజాన్ని ఫోటో తీసి మన గ్రూపులో పెట్టారు. పెట్టింది ఎవరైనా సరే, ముందు దాన్ని తీసేయండి. అది వచ్చే ఏడు పెళ్లిచూపుల్లో కూర్చోవలసిన పిల్ల. గ్రూపులో రెండు వందల మందిమి ఉన్నాం.

ఆ తీర్మానానికి నేను పూర్తిగా వ్యతిరేకం. మీటింగులో చెప్పబోతే ముగ్గురు ఒకేసారి అందుకున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైతే నా మాట మధ్యలో ఎవరూ కోయలేరు.

"తుపాకీ మగవాడి భుజానికి చేసిన వస్తువు, మన పిల్లలు దాన్ని తట్టుకోలేరు" అన్నది ఒక పెద్దమనిషి మాట. ఆయన ఇంట్లో డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు ఉంది. నాకు తెలిసి అది రెండు సందర్భాల్లోనే బయటికి వస్తుంది. దసరా నాడు పూజకి, ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఠాణాలో జమ చేయడానికి. చివరిసారి ఎప్పుడు పేల్చారని అడిగితే నవ్వేశారు. ఎందుకు పేల్చరో నాకు తెలుసు, ఆయన భుజానికీ తెలుసు. పేల్చనివాడికి తుపాకీ తన్నదు కాబట్టి మగతనం చెక్కుచెదరకుండా ఉంటుంది.

నేను తుపాకుల పండితుణ్ణి కాను, రైల్వే గుమాస్తాని. కానీ పెరిగింది తిరుచ్చిలో, పొన్మలై రైల్వే కాలనీలో. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గరా, తరువాత స్టేషన్ బోర్డుల దగ్గరా నేర్చుకున్నాను. అదే ఊళ్లో 1966 నుంచి తుపాకుల ఫ్యాక్టరీ ఉంది, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తిరుచ్చిరాపల్లి. అక్కడ పనిచేసే ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే తూటా, మందు, గొట్టం సంగతులే. స్కూల్లో ఎన్‌సీసీ ఉండేది. ముందు పాయింట్ టూ టూ ఇచ్చారు, ఆ తరువాతే త్రీనాట్‌త్రీ. ఆ క్రమం గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బని తమిళంలో "ఉదై" అంటాం, అంటే తన్ను. మన సిరోంచ వాళ్లు మరాఠీ కలిపి ధక్కా అంటారు, పోలీసులు రికాయిల్ అంటారు. ఏమన్నా లెక్క ఒకటే, మా వాద్దియార్ బోర్డు మీద వేసిన న్యూటన్ మూడో సూత్రమే. గుండు ముందుకు ఎంత ఊపుతో పోతే తుపాకీ వెనక్కి అంత ఊపుతో వస్తుంది. ఇక ఆ ఊపు మన ఒంటికి ఎంత తెలుస్తుందన్నది తుపాకీ బరువు మీద ఉంటుంది.

బల్లార్షా యార్డులో షంటింగు చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఖాళీ బాక్స్‌ఎన్ వ్యాగను 22 టన్నుల పైచిలుకు, బొగ్గు నింపితే 81 టన్నులు. ఇంజన్ ఒకే రకంగా తగిలినా ఖాళీది ఎగిరిపోతుంది, నిండుది బద్ధకంగా కదులుతుంది. బఫర్ స్ప్రింగు బాగుంటే ఆ దెబ్బ మెల్లగా దిగుతుంది, స్ప్రింగు చచ్చిపోయి ఉంటే ఠంగుమని పెట్టెలోని సరుకు పగులుతుంది. తుపాకీలో ఇంజన్ పని తూటా చేస్తుంది, వ్యాగను తుపాకీ, బఫర్ బట్ చివర ఉండే రబ్బరు ప్యాడ్. పెట్టెలోని సరుకు మన పిల్ల భుజం.

గుమాస్తా బుద్ధి ఊరుకోదు కాబట్టి కాగితం మీద లెక్క వేశాను. గుండు బరువు, వేగం, మందు బరువు, తుపాకీ బరువు తీసుకుంటే వెనక్కి వచ్చే శక్తి జౌళ్లలో వస్తుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలు, తుపాకీ మోడల్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. పాయింట్ టూ టూ రైఫిల్‌కి ఒక జౌల్‌లో పదో వంతు. తొమ్మిది ఎం.ఎం. కార్బైన్‌కి రెండు. ఇన్సాస్‌కి నాలుగు లోపు. ఏకే‌కి ఏడు. పాత 7.62 ఎస్‌ఎల్‌ఆర్‌కి పన్నెండు, పదమూడు. త్రీనాట్‌త్రీకి పదహారు. మన పెద్దమనిషి గారి పన్నెండు బోరుకి మామూలు తూటాతో ముప్పై అయిదు పైనే.

ఇప్పుడు చెప్పండి, "తుపాకీ తట్టుకోలేరు" అంటే ఏ తుపాకీ? పదో వంతు జౌల్ నుంచి ముప్పై అయిదు దాకా అన్నిటికీ తుపాకీ అనే పేరు. గోదావరి, మన ఊరి వాగు రెండూ నీళ్లే కదా అని ఈత రానివాణ్ణి ముందు గోదావరిలో దింపుతామా?

పిల్లకి ఫోన్ చేసి అడిగాను. శిక్షణ కేంద్రం పేరు రాయను, అక్కడివాళ్లతో నాకు తగువు లేదు. ఏ తుపాకీ ఇచ్చారమ్మా అంటే, "పాతది పెద్దబాపూ, పొడుగుది, సెవెన్ సిక్స్‌టీ టూ" అంది. అంటే ఎస్‌ఎల్‌ఆర్. అంతకుముందు చిన్నది ఏమైనా పేల్చావా అంటే లేదు. బట్ ఎక్కడ ఆనించావు అంటే, "చెయ్యి అందక పక్కకి జరిపి పెట్టుకున్న" అంది. చెవిలో ఏం పెట్టుకున్నావంటే, ఏం లేదు. ఆ తరువాత తనంతట తనే ఒక మాట చెప్పింది. "ఇప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టంగనే కళ్లు మూతపడుతున్నయ్ పెద్దబాపూ."

నన్ను భయపెట్టింది ఆ చివరి మాట. కమిలిన భుజం పది రోజుల్లో మానుతుంది. కళ్లు మూసుకునే అలవాటు ఒకసారి పట్టుకుంటే ఏళ్లు పోదు. దెబ్బ వస్తుందని ఒంటికి ముందే తెలిసి, గుండు పేలక ముందే భుజం ముందుకు తోస్తుంది, మణికట్టు కిందికి వంగుతుంది, కన్ను మూసుకుంటుంది. గురి తప్పుతుంది. తప్పినందుకు తిట్లు, తిట్లకి ఇంకా భయం. కోచ్‌లకి దీన్ని పట్టుకునే పాత ఉపాయం ఒకటి ఉంది. పేల్చేవాడికి చెప్పకుండా మంచి తూటాల మధ్య ఉత్తుత్తి తూటా ఒకటి కలుపుతారు. అది పేలదు, కానీ గొట్టం మూతి మాత్రం టక్కున కిందికి వంగుతుంది. అప్పుడు ఎవడి రహస్యం వాడికే బయటపడుతుంది. ఆరడుగుల మీసాలవాళ్లు కూడా ఇందులో దొరికిపోతారు. దీనికి ఆడా మగా లేదు, ముందే పెద్ద దెబ్బ తిన్నారా లేదా అన్నదే లెక్క. ఇందులో సగం భుజం పని కాదు, చెవి పని. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారి తగిలినా చెవికి చేటే, రైఫిల్ చప్పుడు దాన్ని దాటుతుంది. చెవి మూసి పేల్చితే అదే తుపాకీ సగం తన్నినట్టు అనిపిస్తుంది. మంచి ఇయర్‌మఫ్ ఖరీదు మన సంఘం వార్షికోత్సవంలో శాలువాలకి పెట్టే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

తీర్మానం పెట్టినవాళ్లలో ఒక తమ్ముడు, "సరే అన్నా, ఆఫీసు పని వద్దంటే ఆడపిల్లలకు కార్బైన్ ఇమ్మని అడుగుదాం, అది చిన్నగా ఉంటుంది, తన్నదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ చిన్నగా ఉంటే తన్నదన్నది తప్పు. కార్బైన్ అంటే పొట్టి తుపాకీ, అంతే. పొట్టి అంటే తేలిక, తేలికంటే ఖాళీ వ్యాగను. అదే తూటా వేస్తే పొట్టి తుపాకీ ఇంకా గట్టిగా తన్నుతుంది, చప్పుడు కూడా మొహానికి దగ్గరగా వస్తుంది.

దీనికి రెండో ప్రపంచ యుద్ధంలోనే సాక్ష్యం ఉంది. అడవుల్లో వాడడానికని బ్రిటిషువాళ్లు 1944లో తమ త్రీనాట్‌త్రీనే కోసి, చెక్కి, సుమారు తొమ్మిది వందల గ్రాములు తగ్గించి నంబర్ 5 రైఫిల్ చేశారు. దానికే జంగిల్ కార్బైన్ అని పేరు పడింది. తూటా మాత్రం పాతదే. నా లెక్కలో పదహారు జౌళ్లది ఇరవైకి పోయింది, పైగా బట్ చివర అతికించిన రబ్బరు ముక్క చిన్నది. అది తన్నినట్టు ఏదీ తన్నదని పేరు తెచ్చుకుంది. అదే యుద్ధంలో అమెరికావాళ్లు ఎం1 కార్బైన్ చేశారు. అది ఇంకా తేలిక, రెండున్నర కిలోల లోపే. కానీ వాళ్లు తుపాకీతో పాటు తూటానే చిన్నది చేశారు. లెక్క అయిదారు జౌళ్లు, అంటే జంగిల్ కార్బైన్‌లో మూడో వంతు కూడా లేదు. రెండూ కార్బైన్లే. కాబట్టి తమ్ముడూ, ముందు ఏ తూటా అని అడుగు, తరువాత బరువెంత అని అడుగు, ఆ తరువాత బట్ ఎంత పొడుగు అని అడుగు. కార్బైనా కాదా అన్నది చివర అడగవలసిన ప్రశ్న.

మన దేశంలో పోలీసులు వట్టిగా "కార్బైన్" అంటే చాలాకాలంగా కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో చేసిన తొమ్మిది ఎం.ఎం. స్టెర్లింగే. పక్కకి పొడుచుకొచ్చే మ్యాగజైన్ ఉంటుందే, అది. స్టేషన్లలో రైల్వే పోలీసుల భుజాన మీరంతా చూసే ఉంటారు. బరువు రెండు కిలోల ఏడువందలు. పిస్తోలు తూటా కాబట్టి దెబ్బ తక్కువ. కానీ దానికి ఒక చెడ్డ గుణం ఉంది. ట్రిగ్గర్ లాగితే లోపల బరువైన బోల్టు వెనక నుంచి ముందుకి దూకి, అప్పుడు తూటాని పేలుస్తుంది. ఆ దూకుడుకే గురి కదిలిపోతుంది. భుజం కమలదు గానీ కొత్తవాళ్లకి లక్ష్యం కుదరదు, పిల్ల మళ్లీ తిట్లు తింటుంది. జర్మన్ల ఎంపీ5 అదే తూటాతో బోల్టు మూసి ఉండగానే పేలుతుంది, అందుకే అది చేతిలో బుద్ధిగా ఉంటుంది.

ఇంతకంటే మనకి దగ్గరిది ఇంకొకటి ఉంది, మన రాష్ట్రంలోనే పుట్టింది. పుణేలోని డీఆర్‌డీవో ఏఆర్‌డీఈ వాళ్లు రూపుదిద్దిన జేవీపీసీ, అంటే జాయింట్ వెంచర్ ప్రొటెక్టివ్ కార్బైన్. తూటా 5.56×30 ఎం.ఎం., ఇన్సాస్ తూటా కంటే పొట్టిది. తుపాకీ కాన్పూరులో తయారవుతుంది, తూటాలు పుణే పక్కన ఖడ్కీలో. బరువు సుమారు మూడు కిలోలు, గ్యాస్‌తో నడిచేది, బట్ లోపలికి జరుపుకోవచ్చు. 2020 డిసెంబరులో సైన్యం పరీక్షల్లో నెగ్గినప్పుడు డీఆర్‌డీవో ఇచ్చిన ప్రకటన చూడండి. తుపాకీ గొప్పతనాల్లో ఒకటిగా తక్కువ రికాయిల్ అని వాళ్లే రాసుకున్నారు. ఒంటిచేత్తో పేల్చవచ్చనీ రాశారు. కేంద్ర బలగాలూ కొన్ని రాష్ట్రాల పోలీసులూ దాన్ని కొనే పని మొదలుపెడుతున్నారనీ ఉంది. అంటే దేశంలోని పెద్ద పెద్ద ఇంజనీర్లు కూర్చుని, లక్షల రూపాయలు పోసి, తన్ను తగ్గించాలని తంటాలు పడ్డారు. వాళ్లకి రాని సిగ్గు మన కార్యవర్గానికి ఎందుకొచ్చింది?

అయితే ఒక మాట దాచను. ఆ కార్బైన్లన్నీ వంద, రెండు వందల మీటర్ల లోపు పనికే. పెద్ద అడవిలో, గుట్ట మీద నుంచి గుట్ట మీదికి, అవి చాలవు. గార్డు డ్యూటీ, బండి మీద ఎస్కార్టు, ఊళ్లో తనిఖీ, వీటికి చక్కటివి. అడవి డ్యూటీకి వెళ్లే పిల్ల ఇన్సాసో ఏకేనో పట్టాల్సిందే, ఇంకో దారి లేదు. పట్టగలదు కూడా. నాలుగు జౌళ్లు, ఏడు జౌళ్లు మన పిల్లల భుజాలకి ఒక లెక్కే కాదు, పద్ధతిగా అక్కడికి తీసుకెళితే. అందుకే మన వినతిపత్రంలో "ఆడపిల్లలకు కార్బైన్ ఇవ్వండి" అని గుండుగుత్తగా రాయడానికి కూడా నేను ఒప్పుకోను. మొదటి తూటా ఏది, బట్ ఎంత, చెవికి ఏం పెట్టారు, వీటి మీద రాద్దాం.

బట్ పొడుగు సంగతి చాలామందికి కొత్తగా ఉంటుంది. బట్ మడమ ఆనవలసింది భుజానికీ ఛాతీకీ మధ్య ఉండే గుంటలో. పొట్టి చేతులవాళ్లకి పొడుగు బట్ ఇస్తే అది గుంటలోకి రాదు, జారి జబ్బ కండ మీదికో, భుజం ఎముక మీదికో పోతుంది. అప్పుడు చిన్న దెబ్బ కూడా ఎముకని కొడుతుంది. మన పిల్ల కమిలింది సరిగ్గా అక్కడే. త్రీనాట్‌త్రీ లీ ఎన్‌ఫీల్డు కొయ్య బట్‌లు నాలుగు సైజుల్లో వచ్చేవి, అర అంగుళం చొప్పున తేడాతో. దాని మీద అక్షరం కొట్టేవాళ్లు, ఎల్ అంటే పొడుగు, ఎన్ అంటే మామూలు, ఎస్ అంటే పొట్టి, బి అంటే బాంటం, ఇంకా పొట్టి. పాత తుపాకులు ఇప్పటికీ ఉన్నచోట చూడండి, కొన్నిటి మీద ఆ అక్షరం కనబడుతుంది. నూరేళ్ల కిందట, మన వాళ్లని మనుషులుగా కూడా చూడని సర్కారు, సిపాయి చేతి పొడుగుని బట్టి కొయ్య ఇచ్చింది. అప్పుడు ఏ కల్నలూ "పొట్టి బట్ అడిగినవాడు పిరికివాడు" అనలేదు. మనం అంటున్నాం. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు త్రీనాట్‌త్రీకి సలాం కొట్టి సాగనంపారు. తుపాకీ పోయింది గానీ, దానితో పాటు పోకుండా ఉండాల్సిన ఆ నాలుగు సైజుల తెలివి కూడా పోయింది.

"ఒకరికి తగ్గిస్తే అది దయ, దయతో పోలీసులు తయారవరు" అన్నారు ఇంకొకరు. అయ్యా, మీ అబ్బాయీ మీ తమ్ముడి కూతురూ ఒకే గ్రౌండులో భరతీకి వెళ్లారు గదా. గోళాఫేక్‌లో అబ్బాయికి ఇచ్చిన గుండు 7 కిలోల 260 గ్రాములు, అమ్మాయికి ఇచ్చింది 4 కిలోలు. పరుగు అబ్బాయికి 1600 మీటర్లు, అమ్మాయికి 800. ఎత్తు అబ్బాయికి 165 సెంటీమీటర్లు, అమ్మాయికి 155. అప్పుడు అది దయ అని మీరు మిఠాయి పంచడం మానలేదు. 155 సెంటీమీటర్లు చాలని రాసి తీసుకున్న సర్కారు, 155 సెంటీమీటర్ల చేతికి సరిపోయే బట్ ఇవ్వాలి. ఇది దయ కాదు, కొలిచి తీసుకున్నాక కొలిచి ఇవ్వడం. బూట్లు ఏడో నంబరు పాదానికి ఏడో నంబరే ఇస్తారు గదా.

పాయింట్ టూ టూ అంటే పిల్లల ఆట అనేవాళ్లకి ఒక పేరు చెప్తాను. స్వప్నిల్ కుసాళే. మన రాష్ట్రం మనిషే, కొల్హాపూర్ జిల్లా కంబళ్‌వాడి. నాకు ఇంకా గర్వం ఏమంటే పతకం తెచ్చేనాటికి సెంట్రల్ రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్ రైఫిల్‌లో 451.4 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. ఆ పోటీలో మన దేశానికి అదే మొదటి పతకం. ఆయన పేల్చింది పాయింట్ టూ టూ తూటా. మన హైదరాబాదులో తయారైన గగన్ నారంగ్‌కి 2012లో లండన్‌లో కాంస్యం వచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందే లేదు, గాలి. హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం తెచ్చింది, అది కూడా పాయింట్ టూ టూయే. వీళ్లెవరూ ముప్పై అయిదు జౌళ్ల దెబ్బ తిని నేర్చుకోలేదు. చిన్న దానితో వేల తూటాలు పేల్చి, ఊపిరి, కన్ను, వేలు ఒకటి చేసుకుని నేర్చుకున్నారు. ఎన్‌సీసీ పిల్లలకి ఇప్పటికీ ఆ చిన్న రైఫిలే మొదట ఇస్తారు. మా స్కూల్లో ఇచ్చిన క్రమం అదే, దాన్నే గుర్తు పెట్టుకోమన్నాను.

ఇక అన్నిటికంటే కష్టమైన మాట. మన తాలూకాలో తుపాకీ గురించి రాయడం అంటే పారిస్ పతకాల గురించి రాయడం కాదు. నలభై ఏళ్లకు పైగా ఈ గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి ఒడ్డున తుపాకీ అంటే రాత్రి తలుపు తట్టే చప్పుడు. అటువైపు వాళ్లు తట్టారు, ఇటువైపు వాళ్లూ తట్టారు. రెండు వైపులా చచ్చింది మన భాష మాట్లాడేవాళ్లూ, మాడియా గోండులూనే. 2025 అక్టోబరులో పెద్దపల్లి నుంచి పోయిన మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో గడ్చిరోలిలో ఆయుధాలు దించినప్పుడు, ఆ వరుసలో ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి ఎస్‌ఎల్‌ఆర్‌లూ ఇన్సాస్‌లూ మోసినవాళ్లు. వాళ్ల దారి నాకు ఇష్టం లేదు, ఎప్పుడూ లేదు. కానీ మన ఊళ్ల ఆడపిల్ల భుజం తుపాకీ మోయలేదని ఈ గడ్డ మీద నిలబడి చెప్పేవాళ్లకి కళ్లు ఎక్కడున్నాయి?

నా భయం ఇది. ఇన్నేళ్లకి మన పిల్లలకి సర్కారీ ఉద్యోగం వచ్చింది. ఠాణాలో తెలుగు తెలిసిన ఆడ పోలీసు ఉంటే, మేడిగడ్డ నీళ్లకి పొలం మునిగిన ముసలమ్మ తన గోడు తన మాటల్లో చెప్పుకోగలుగుతుంది. దుబాసీ అక్కర్లేదు. అలాంటి పిల్లల గురించి మనమే, వాళ్ల పెద్దలమే, సంఘం లెటర్‌హెడ్ మీద, అధ్యక్షుల సంతకంతో, "మా పిల్లలు ఆయుధం పట్టలేరు" అని రాసిస్తామా? ఆ కాగితం ఫైల్లో ఉంటుంది. నేను ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. కాగితం మనుషుల కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. ఈ పిల్ల రిటైరయ్యేదాకా ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ ఎవడో ఒక గుమాస్తా దాన్ని తీసి పైన పెడతాడు. వచ్చే ఏడు భరతీకి వెళ్లే పిల్లలకీ అదే ఎదురొస్తుంది.

పొలానికి లైసెన్సు తుపాకీ కావాలని అడుగుతున్న రైతులకి కూడా ఇదే సందర్భంలో రెండు ముక్కలు. ఆటోమేటిక్ కార్బైన్లు మామూలు లైసెన్సు మీద దొరకవు, ఆ ఆశ వదిలేయండి. పంట కాపలాకని చట్టం 13వ సెక్షను ప్రత్యేకంగా చెప్పేది మందు దట్టించే నాటు తుపాకీ గురించి. దాన్ని ఎంత దట్టిస్తే అంత తన్నుతుంది, ఎక్కువ దట్టిస్తే గొట్టమే చీలుతుంది. అడవి పందిని కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి వేరే. 2019 సవరణ తరువాత ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పన్నెండు బోరే కొనాలని పంతం ఉంటే మీ భుజాన్ని చూసి కొనండి, పక్క ఊరి పాటిల్ మీసాన్ని చూసి కొనకండి. బరువుది కొనండి, రబ్బరు ప్యాడ్ వేయించండి, తక్కువ ఛర్రా ఉన్న తూటా అడగండి. వివరాలు ఫోన్‌లో చెప్తాను, ఇక్కడ ఇంకా పొడుగవుతుంది.

అసలు పనికి వస్తే, పాత తీర్మానం వెనక్కి తీసుకుని దాని చోట ఇవి పెడదామని నా ప్రతిపాదన. కొత్త రంగరూట్లకి, ఆడా మగా తేడా లేకుండా, మొదటి తూటాలు పాయింట్ టూ టూతో వేయించి, ఆ తరువాతే ఇన్సాస్ ఇవ్వాలి. 7.62 ఆఖరున. పొట్టి చేతులవాళ్లకి పొట్టి బట్ గానీ, జరుపుకునే బట్ గానీ ఇవ్వాలి. అందరికీ చెవి మఫ్‌లు, భుజానికి ప్యాడ్. కళ్లు మూసుకుంటున్న పిల్లలని తిట్టకుండా ఉత్తుత్తి తూటాలతో మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఇందులో ఒక్కటి కూడా మినహాయింపు కాదు, ఎవరి డ్యూటీ ఎవరూ తగ్గించమనడం లేదు.

ఇది కాక మన వంతు ఒకటి ఉంది. సంఘం హాలు పొడుగు నేను అడుగులతో కొలిచాను. పది మీటర్ల లైను వేసి, వెనక మనిషి నిలబడడానికి కూడా చోటు మిగులుతుంది. పాయింట్ 177 ఎయిర్ రైఫిల్‌కి తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. రెండు రైఫిళ్లు, గోడకి గుళ్లు ఆగే పెట్టె, కళ్లద్దాలు, తాళం వేసే బీరువా. ఒక్క మాట, స్ప్రింగుతో పనిచేసే చౌక రకం కొంటే అది కూడా ముందుకీ వెనక్కీ గుంజుతుంది, దాంతో నేర్చుకున్న పిల్లలకి చెడ్డ అలవాటు పడుతుంది. ఒకటే కొనగలిగితే ఒకటే కొందాం, కానీ మంచి గాలి సిలిండరుది కొందాం. భరతీకి తయారయ్యే పిల్లలు వారానికి రెండు రోజులు వచ్చి పేల్చుకుంటారు. పరేడు నేర్పిన మాజీ సైనికులు మనలో ఇద్దరు ఉన్నారు, వాళ్లని నేను అడుగుతాను. నా పెన్షన్ నుంచి మొదటి అయిదు వేలు రాసుకోండి.

కొత్త వినతిపత్రం ముసాయిదా తెలుగులో రాసి పెట్టాను, రెండు పేజీలు. మరాఠీలోకి మార్చేవాళ్లు కావాలి. ఆఫీసు మరాఠీ బాగా వచ్చిన మాస్టర్లు ఎవరైనా శనివారం లోపల నాకు ఫోన్ చేయండి. ఆదివారం మీటింగు పదకొండు గంటలకి. శిక్షణలో ఉన్న పిల్లల తల్లులని కూడా పిలవండి, ఈసారి వాళ్లని వెనక బెంచీల్లో కూర్చోపెట్టకండి. పన్నెండు బోరు పెద్దమనిషి గారిని కూడా రమ్మని నా తరఫున చెప్పండి.